పెన్సిలిన్ పడనివారికి ఏ యాంటీబయాటిక్: తేల్చుకునే విధానం

పెన్సిలిన్ పడదని చెప్పిన రోగికి డాక్టరు మరో యాంటీబయాటిక్ రాసి పంపడం ఏ ఊరి ఆసుపత్రిలోనైనా రోజూ జరిగేదే. ఆ మరో మందు ఏదై ఉండాలన్నది మాత్రం అంత తేలిగ్గా తేలే విషయం కాదు. గతంలో పెన్సిలిన్ వాడినప్పుడు ఒంట్లో అసలు ఏం జరిగింది, ఇప్పుడు వచ్చిన జబ్బుకు ఏ సూక్ష్మజీవి కారణం కావచ్చు, గర్భం, మూత్రపిండాల జబ్బు, గుండె లయలో తేడా వంటి ఇతర పరిస్థితులు రోగికి ఏమున్నాయి అనే మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి అది మారుతుంది. చివరి రెండింటినీ డాక్టరు చూసుకోగలరు. మొదటిదానికి జవాబు రోగి జ్ఞాపకంలోనో, అతని తల్లిదండ్రుల జ్ఞాపకంలోనో, పాత చీటీల్లోనో తప్ప మరెక్కడా ఉండదు కాబట్టి, దానిని సరిగా రాబట్టడం దగ్గరే ఈ పని మొదలవుతుంది.

అమెరికా లెక్కల ప్రకారం తమకు పెన్సిలిన్ అలర్జీ ఉందని చెప్పేవారు జనాభాలో సుమారు 10 శాతం ఉంటారు. వారిని పద్ధతి ప్రకారం పరీక్షించి చూస్తే 90 శాతానికి పైగా మంది ఆ మందును నిరపాయంగా వాడుకోగలరని తేలుతోంది. లేని అలర్జీని ఉందనుకుని జాగ్రత్తపడితే నష్టమేమిటని అనిపించవచ్చు. బ్రిటన్ రోగుల రికార్డుల ఆధారంగా 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, పెన్సిలిన్ అలర్జీ నమోదైనవారికి మామూలు మందులకు లొంగని స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి (ఎంఆర్ఎస్ఏ) సోకే ముప్పు 69 శాతం, సి. డిఫిసిల్ అనే సూక్ష్మజీవి వల్ల తీవ్రమైన విరేచనాలు వచ్చే ముప్పు 26 శాతం ఎక్కువగా కనిపించాయి. పెన్సిలిన్ బదులు రాసే మందులు చాలావరకు అవసరానికి మించిన సంఖ్యలో సూక్ష్మజీవులను చంపుతాయి. పేగుల్లో ఉండవలసినవాటిని కూడా ఊడ్చేస్తాయి. ఇక నిజంగా అలర్జీ ఉన్న ఆ కొద్దిమందికి ఒక్క మాత్ర కూడా ప్రాణాల మీదికి తేగలదు. కాబట్టి కొట్టిపారేయడమూ పనికిరాదు, విచారించకుండా నమ్మేయడమూ పనికిరాదు.

ఇది డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఉపయోగపడడానికి రాసినదే గాని, మందుల షాపుకు పట్టుకుపోవలసిన జాబితా కాదు.

ముందుగా పాత సంఘటనను రాసిపెట్టుకోవాలి

ఒక కాగితం తీసుకుని, ఆ రోజు వాడిన మందు పేరు, అది సూదిమందా మాత్రా సిరప్పా, ఏ జబ్బుకు ఇచ్చారు, మందు పడిన ఎంతసేపటికి ఇబ్బంది మొదలైంది, సరిగ్గా ఏం కనిపించింది, దానికి ఏ వైద్యం చేశారు, ఎన్నేళ్ల క్రితం జరిగింది అనే వివరాలు రాయాలి. సంవత్సరం గుర్తు లేకపోతే పదో తరగతి చదివే రోజుల్లోనా, పెళ్లికి ముందా, మొదటి కాన్పు సమయంలోనా అని ఆనవాలు పెట్టుకున్నా సరిపోతుంది. వైద్యం వివరం ప్రత్యేకంగా అవసరం: ఒక సెట్రిజిన్ మాత్రతో తగ్గిందా, సెలైన్ ఎక్కించి ఆక్సిజన్ పెట్టవలసి వచ్చిందా అన్నది ఆ సంఘటన తీవ్రతను రోగి వర్ణన కంటే నమ్మకంగా చెబుతుంది.

వీటన్నిటికంటే విలువైన ప్రశ్న మరొకటి ఉంది. ఆ సంఘటన తరువాత ఎప్పుడైనా, తెలిసో తెలియకో, పెన్సిలిన్ కుటుంబంలోని మందు వాడారా? పన్ను తీయించుకున్నప్పుడు రాసిన ఆగ్మెంటిన్, పిల్లవాడి చెవిపోటుకు ఇచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ వంటివి పాత చీటీల్లో దొరుకుతాయి. పెన్సిలిన్ పడదని ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్న మనిషి మధ్యలో ఐదు రోజులు అమాక్సిసిలిన్ మింగి ఏమీ కాకుండా బయటపడి ఉంటే, అలర్జీ సంగతి దాదాపు అక్కడే తేలిపోయినట్టు. పాత ఫైళ్లు వెతకడానికి ఒక పూట వెచ్చించడం ఏ రక్తపరీక్ష కంటే తక్కువ ఫలితాన్నివ్వదు.

రాసుకున్నదాన్ని చూస్తే అది సాధారణంగా నాలుగు రకాల్లో ఒకటిగా తేలుతుంది. మొదటి రకంలోకి వచ్చే వికారం, కడుపులో తిప్పడం, నీళ్ల విరేచనాలు, తలనొప్పి వంటివి మందు దుష్ఫలితాలే గాని అలర్జీ కావు. పెనిడ్యూర్ (ఎక్కువ కాలం పనిచేసే పెన్సిలిన్) వంటి నొప్పి ఎక్కువగా ఉండే సూది పొడిచినప్పుడు కళ్లు తిరిగి పడిపోవడం కూడా చాలామందిలో భయం వల్ల, నొప్పి వల్ల జరిగేదే; అయితే దానితో పాటు దద్దుర్లో ఆయాసమో ఉంటే ఆ లెక్క వేరు. తండ్రికి పడదు కాబట్టి కొడుకుకూ పడదని జాగ్రత్తగా రాయించుకున్న కుటుంబాలు కనిపిస్తుంటాయి గాని, అది మందు మానడానికి కారణం కాదు.

రెండో రకం, మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకు ఒంటి మీద చదునుగా, ఎర్రగా వచ్చే మచ్చలు. పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. వైరస్ జ్వరంలో ఎలాగూ ఒళ్లు పేలుతుంది. అదే సమయంలో అమాక్సిసిలిన్ తాగుతుంటే నింద మందు మీద పడుతుంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకినప్పుడు అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ ఇస్తే ఇటువంటి మచ్చలు రావడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. వారిలో చాలామందికి తరువాత ఆ మందు మళ్లీ ఇచ్చినా ఏమీ కాదు.

మూడో రకం అసలైన తక్షణ అలర్జీ. మందు పడిన నిమిషాల్లో, ఎక్కువగా గంటలోపు, దురదతో ఉబ్బెత్తు దద్దుర్లు లేస్తాయి; పెదవులు, కనురెప్పలు వాస్తాయి; గొంతు బిగుసుకుంటుంది, పిల్లికూతలు వస్తాయి, రక్తపోటు పడిపోతుంది. చివరి లక్షణాలు ఉంటే దానిని అనాఫిలాక్సిస్ అంటారు. నాలుగో రకం అరుదైనది, కానీ అన్నిటికంటే కఠినమైనది: రోజుల తరువాత ఒంటి మీద బొబ్బలు లేచి చర్మం ఊడిపోవడం, నోరు, కళ్లు, జననేంద్రియాలు పుండ్లు పడడం, జ్వరంతో ముఖం వాచి కాలేయం దెబ్బతినడం వంటివి. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, డ్రెస్ అనే పేర్లు డిశ్చార్జి సమ్మరీలో కనిపిస్తే, ఆ మనిషి ఇకపై ఏ పెన్సిలిన్‌నూ పరీక్ష పేరుతో కూడా తీసుకోకూడదు. ఆ మందు వల్ల మూత్రపిండాలో కాలేయమో తీవ్రంగా దెబ్బతిన్నవారికి, ఎర్ర రక్తకణాలు చితికిపోయినవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఈ అంచనాకు డాక్టర్లు వాడే పెన్-ఫాస్ట్ అనే తేలిక లెక్క ఒకటి 2020లో వచ్చింది. సంఘటన జరిగి ఐదేళ్లు లేదా అంతకంటే తక్కువ అయితే 2 మార్కులు. అనాఫిలాక్సిస్, ముఖం లేదా గొంతు వాపు, లేదా పైన చెప్పిన తీవ్ర చర్మవ్యాధి ఉంటే 2 మార్కులు. వైద్యం అవసరమై ఉంటే 1 మార్కు. మొత్తం సున్నా అయితే నిజమైన అలర్జీ ఉండే అవకాశం 1 శాతం కంటే తక్కువ. 1 లేదా 2 అయితే సుమారు 5 శాతం. 3 అయితే 20 శాతం. 4 లేదా 5 అయితే 50 శాతం. ఐదేళ్ల నిబంధన వెనుక కారణం ఉంది. తక్షణ అలర్జీ కలిగించే ప్రతిరక్షకాలు కాలం గడిచేకొద్దీ తరుగుతాయి. మందు తగలకుండా పదేళ్లు గడిస్తే, నిజంగా అలర్జీ ఉన్నవారిలో కూడా సుమారు 80 శాతం మందికి అది పోతుంది.

టెస్ట్ డోస్ గురించి ఒక మాట

మన దగ్గర సూదిమందు ఎక్కించే ముందు ముంజేతి చర్మంలో కొద్దిగా ఎక్కించి చూసే అలవాటు ఉంది. ఎంతోమందికి పెన్సిలిన్ పడదనే ముద్ర పడింది ఈ ముంజేతి మీదే. పద్ధతి ప్రకారం చేయవలసిన చర్మపరీక్షలో మందును నిర్ణీత స్థాయికి పలుచన చేస్తారు, పోల్చి చూడడానికి పక్కన మామూలు సెలైన్‌ను, హిస్టమిన్‌ను కూడా పెడతారు, పావుగంట ఆగి వాపును కొలుస్తారు. ఇవేవీ లేకుండా చిక్కటి మందును నేరుగా పొడిస్తే, అలర్జీ లేని చర్మం కూడా మంటతో ఎర్రబడవచ్చు. అలాగని టెస్ట్ డోస్‌లో ఏమీ రాలేదని పూర్తిగా ధీమా పడడానికీ లేదు. రోజుల తరువాత వచ్చే ప్రతిచర్యలను అది పసిగట్టలేదు. మీ అలర్జీ చరిత్ర మొత్తం టెస్ట్ డోస్‌లో వచ్చిన ఎరుపు మాత్రమే అయితే, ఆ విషయాన్ని అదే మాటల్లో డాక్టరుకు చెప్పండి. ఆ వివరం వింటే ఆయన నిర్ణయం మారే అవకాశం చాలా ఉంది.

పెన్సిలిన్ ఏ పేర్లలో దాగి ఉంటుంది

రసాయన నామం చివర ‘సిలిన్’ అని ఉన్నవన్నీ ఈ కుటుంబానివే: అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లాక్సాసిలిన్, పిపరాసిలిన్. అజిత్రోమైసిన్, జెంటామైసిన్, క్లిండమైసిన్ వంటి ‘మైసిన్’ల కుటుంబాలు వేరు, పేరు విని కంగారు పడనవసరం లేదు. చిక్కంతా బ్రాండు పేర్లతోనే. ఆగ్మెంటిన్, క్లావమ్, మాక్సికైండ్-సీవీ అన్న పేర్లలో అమాక్సిసిలిన్ జాడ తెలియదు. మెగాపెన్‌లో ఆంపిసిలిన్, క్లాక్సాసిలిన్ రెండూ ఉన్నాయి. ఆసుపత్రిలో ఎక్కించే పిప్‌టాజ్‌లో పిపరాసిలిన్ ఉంటుంది. కడుపులో పుండుకు కారణమయ్యే హెచ్. పైలోరీ కోసం ఇచ్చే కిట్లలో చాలావాటిలో అమాక్సిసిలిన్ ఒక భాగం. స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాల్లో ఉండే రసాయన నామాల వరుసను చదవడం, చదవలేకపోతే ఫార్మసిస్టు చేత చదివించుకోవడం తప్ప దీనికి మరో మార్గం లేదు.

సెఫలోస్పోరిన్లు: అతి భయం ఎక్కడిది

పెన్సిలిన్ పడనివారిలో పదిమందిలో ఒకరికి, పెన్సిలిన్‌కు దగ్గరి మరో యాంటీబయాటిక్ కుటుంబమైన సెఫలోస్పోరిన్లు కూడా పడవని ఒక తరం వైద్యులు చదువుకున్నారు. ఆ అంకె తొలినాళ్ల పరిశీలనలది. అప్పటి సెఫలోస్పోరిన్ మందుల్లో పెన్సిలిన్ ఆనవాళ్లు కలిసి ఉండేవి. ఇప్పటి అంచనా సుమారు 2 శాతం. పైగా, ప్రతిచర్యను నిర్ణయించేది రెండు కుటుంబాలకూ ఉమ్మడిగా ఉన్న బీటా-లాక్టమ్ వలయం కంటే, ఆ అణువుకు పక్కన వేలాడే గొలుసు అని తేలింది. అందుచేత అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ పడనివారు అటువంటి గొలుసే ఉన్న సెఫలెక్సిన్, సెఫాక్లోర్, సెఫాడ్రాక్సిల్, సెఫ్‌ప్రోజిల్‌లకు దూరంగా ఉండడం మంచిది. సెఫజోలిన్, సెఫురాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్, సెఫ్‌పొడాక్సిమ్‌ల గొలుసులు వేరు. టాక్సిమ్-ఓ పేరుతో ఇంటింటా తెలిసిన సెఫిక్సిమ్ ఈ చివరి వర్గానిదే.

దీని తాత్పర్యం ఇలా ఉంటుంది. పాత సంఘటన రోజుల తరువాత వచ్చిన తేలికపాటి మచ్చలే అయితే, గొలుసు వేరైన సెఫలోస్పోరిన్‌ను డాక్టరు సాధారణంగా నిస్సంకోచంగా రాయవచ్చు. గంటలోపు అనాఫిలాక్సిస్ వచ్చినవారికి కూడా అది నిషిద్ధం కాదు గాని, మొదటి మోతాదు అత్యవసర సదుపాయం ఉన్నచోట తీసుకోవడం వివేకం. చర్మం ఊడిపోయిన చరిత్ర ఉన్నవారికి మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు. వారు సెఫలోస్పోరిన్లతో సహా ఆ ఉమ్మడి వలయం ఉన్న బీటా-లాక్టమ్‌లన్నిటికీ దూరంగా ఉండి, నిపుణుల సలహా మీదే నడవాలి. ఆసుపత్రిలో తీవ్ర ఇన్ఫెక్షన్‌కు వాడే మెరోపెనెమ్ వంటి కార్బపెనెమ్‌లతో ప్రతిచర్య వచ్చే అవకాశం 1 శాతం కంటే తక్కువ. అజ్‌ట్రియోనామ్‌కు పెన్సిలిన్‌తో పొత్తు లేదు. అయితే సెఫ్టాజిడిమ్ అనే సెఫలోస్పోరిన్ పడనివారికి అది కూడా పడకపోవచ్చు.

జబ్బును బట్టి ప్రత్యామ్నాయం

గొంతునొప్పితో మొదలుపెడదాం. గొంతునొప్పుల్లో అధికభాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటికి పెన్సిలినూ అక్కర్లేదు, ప్రత్యామ్నాయమూ అక్కర్లేదు. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి కారణమని తేలితే మాత్రం పూర్తి వైద్యం కావాలి. పెన్సిలిన్ వాడలేనివారికి గతంలో తక్షణ ప్రతిచర్య లేకపోతే సెఫలోస్పోరిన్, ఉంటే అజిత్రోమైసిన్ 5 రోజులు లేదా క్లిండమైసిన్ 10 రోజులు అన్నది ఆమోదిత పద్ధతి. అజిత్రోమైసిన్‌ను మూడు రోజులకే ముగించడం మన దగ్గర బాగా అలవాటైంది, కానీ స్ట్రెప్ గొంతుకు ఐదు రోజులు పూర్తిచేయాలి. ఆ మందుకు లొంగని స్ట్రెప్టోకాకస్ కూడా ఉన్నందున జ్వరం తగ్గకపోతే తిరిగి చూపించుకోవాలి.

స్ట్రెప్టోకాకస్ గొంతు తరువాత కొందరు పిల్లలకు రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. వారికి మూడు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి పెనిడ్యూర్ సూది ఏళ్ల తరబడి వేయిస్తారు. ఇక్కడ పెన్సిలిన్‌ను మానుకోవడం తేలిక నిర్ణయం కాకూడదు. ప్రత్యామ్నాయంగా ఎరిత్రోమైసిన్ 250 మి.గ్రా. మాత్రను రోజుకు రెండుసార్లు, ప్రతి రోజూ, ఏళ్ల పాటు వేసుకోవాలి. బడికి వెళ్లే పిల్లవాడు అది తప్పకుండా మింగుతాడని ఆశించడం కష్టం. తప్పిన ప్రతిసారీ జ్వరం తిరగబెట్టి కవాటం మరింత చెడే ముప్పు ఉంది. సూది పడిన రోజు కళ్లు తిరిగాయన్న కారణంతోనో, ముంజేయి ఎర్రబడిందన్న కారణంతోనో ఈ సూదిని ఆపేసిన కుటుంబాలు, అలర్జీ నిజమో కాదో నిపుణుల చేత తేల్చించుకోవడాన్ని వాయిదా వేయకూడదు. నా దృష్టిలో, మన ప్రాంతంలో పెన్సిలిన్ అలర్జీ నిర్ధారణ అన్నిటికంటే ముందు జరగవలసింది వీరికే.

పంటి ఇన్ఫెక్షన్లలో అసలు వైద్యం చీము తీయడం, రూట్ కెనాల్ చేయడం లేదా పన్ను తీయడం. యాంటీబయాటిక్ అవసరమైతే, పెన్సిలిన్‌కు తీవ్ర ప్రతిచర్య చూపనివారికి సెఫలోస్పోరిన్, చూపినవారికి అజిత్రోమైసిన్ లేదా క్లిండమైసిన్ వాడతారు. కృత్రిమ గుండె కవాటం ఉన్నవారు పంటి వైద్యానికి ముందు ఒకే మోతాదుగా తీసుకునే అమాక్సిసిలిన్ బదులు అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. లేదా డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. తీసుకోవచ్చు. ఈ సందర్భంలో క్లిండమైసిన్‌ను అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో తన సిఫారసుల నుంచి తొలగించింది. పాత చీటీ మీద అది ఉంటే దంతవైద్యునికి గుర్తుచేయండి.

మూత్రంలో మంట, టైఫాయిడ్ విషయంలో పెన్సిలిన్ అలర్జీ ఉన్నవారు పెద్దగా కంగారు పడనక్కర్లేదు. మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు మొదటి వరుసలో ఉండే నైట్రోఫ్యూరంటాయిన్, 3 గ్రాముల ఒక్క పొట్లంతో ముగిసే ఫాస్ఫోమైసిన్ పెన్సిలిన్లు కావు. టైఫాయిడ్‌కు వాడే అజిత్రోమైసిన్ కూడా అంతే; సెఫ్ట్రియాక్సోన్‌కు పైన చెప్పిన సెఫలోస్పోరిన్ నియమాలే వర్తిస్తాయి.

న్యుమోనియా వచ్చి ఇంటి దగ్గరే వైద్యం తీసుకోగల స్థితిలో ఉన్నవారికి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్, కొన్ని సందర్భాల్లో లీవోఫ్లాక్సాసిన్ రాస్తారు. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ చివరి మందు విషయంలో ప్రత్యేక జాగ్రత్త కావాలి. లీవోఫ్లాక్సాసిన్ క్షయ సూక్ష్మజీవి మీద కూడా పనిచేస్తుంది. దగ్గు న్యుమోనియాదే అనుకుని ఇస్తే కొన్నాళ్లు తగ్గినట్టు కనిపించి, క్షయ నిర్ధారణ ఆలస్యం అవుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం ఉంటే ముందు కళ్లె పరీక్ష చేయించమని అడగండి.

డాక్సీసైక్లిన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్పుకోదగిన సంగతి ఒకటుంది. అది టెట్రాసైక్లిన్ల కుటుంబంలోనిది. ఆ కుటుంబంలో మొదటి మందైన ఆరియోమైసిన్ 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలుగు చూసినప్పుడు, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నవారు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. పెన్సిలిన్ పడనివారు ఈనాడు ఎక్కువగా ఆశ్రయించే మందుల్లో ఒకదాని మూలం ఆయన నడిపిన ప్రయోగశాలలో ఉంది.

చర్మం మీద సెగగడ్డలకు, పుండ్లకు క్లిండమైసిన్, డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్ వాడతారు; షుగరు ఉన్నవారి కాలిపుండ్లను మాత్రం ఇంటి దగ్గర ఇటువంటి మాత్రలతో లాగకూడదు. హెచ్. పైలోరీకి అమాక్సిసిలిన్ లేకుండా బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్‌లతో పాటు ఆమ్లాన్ని తగ్గించే మందు కలిపి ఇచ్చే నాలుగు మందుల వైద్యం ఉంది. శస్త్రచికిత్సకు ముందు ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే సెఫజోలిన్‌కు దాని గొలుసు దానిదే కాబట్టి, పెన్సిలిన్ అలర్జీ ఉన్నవారిలో అత్యధికులకు, సిజేరియన్ చేయించుకునే గర్భిణులకు కూడా, దానిని మార్చవలసిన అవసరం లేదు. మార్చితే సాధారణంగా క్లిండమైసిన్ లేదా వాంకోమైసిన్ ఇస్తారు. శస్త్రచికిత్స గాయం చీము పట్టకుండా ఆపడంలో అవి సెఫజోలిన్‌తో సమానం కావు. కాబట్టి మత్తు డాక్టరు ముందుగా వచ్చి ప్రశ్నలు అడిగే వేళ, ‘పెన్సిలిన్ అలర్జీ’ అని రెండు మాటల్లో ముగించకుండా రాసిపెట్టుకున్న కాగితం చూపించాలి.

ప్రత్యామ్నాయం అసలే లేని సందర్భం ఒకటి ఉంది: గర్భిణికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి. గర్భం లేనివారికైతే డాక్సీసైక్లిన్‌తో వైద్యం చేయవచ్చు. కడుపులోని బిడ్డను కాపాడేది మాత్రం పెన్సిలిన్ ఒక్కటే. తల్లికి నిజంగా తక్షణ అలర్జీ ఉంటే, ఆసుపత్రిలో చేర్చి, అతి సూక్ష్మమైన మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ కొన్ని గంటల్లో పూర్తి మోతాదుకు చేరుస్తారు. దీనిని డీసెన్సిటైజేషన్ అంటారు. మందు కొనసాగినంతకాలమే ఆ సహనం ఉంటుంది. ఆపి మళ్లీ మొదలుపెట్టాలంటే మొత్తం ప్రక్రియ మళ్లీ చేయాలి. బొబ్బలతో చర్మం ఊడిన చరిత్ర ఉన్నవారికి ఇది చేయరు.

ప్రత్యామ్నాయ మందులతో పాటించవలసినవి

డాక్సీసైక్లిన్‌ను గ్లాసెడు నీళ్లతో, కూర్చునో నిలబడో వేసుకుని, అరగంట వరకు పడుకోకూడదు. లేకపోతే మాత్ర అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. పాలతోనూ, ఐరన్, క్యాల్షియం మాత్రలతోనూ కలిపి వేసుకోకూడదు. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది కాబట్టి పొలం పని చేసేవారు ఒంటి నిండా బట్ట కప్పుకోవాలి. గర్భిణులకు సాధారణంగా దీనిని ఇవ్వరు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు డాక్టరు ప్రత్యేక కారణం ఉంటేనే ఇస్తారు.

అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ రెండూ గుండె లయను చెదరగొట్టగలవు. ఇసిజిలో క్యూటీ విరామం ఎక్కువగా ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే, లేదా గుండె లయకో మానసిక సమస్యలకో మందులు వాడుతుంటే డాక్టరుకు తప్పక తెలియజేయాలి. లీవోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబానికి మరికొన్ని దోషాలున్నాయి: మడమ వెనుక నరంలా తగిలే స్నాయువు తెగవచ్చు, ముఖ్యంగా అరవై దాటినవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో; షుగరు మాత్రలు వేసుకునేవారికి చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. మడమ నొప్పి మొదలైతే మందు ఆపి డాక్టరును సంప్రదించాలి.

క్లిండమైసిన్ వాడుతున్నప్పుడు, ఆపిన కొన్ని వారాల వరకు కూడా, రోజుకు మూడుసార్లకు మించి నీళ్ల విరేచనాలు అయితే లోపెరమైడ్ వంటి విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోకూడదు, అది సి. డిఫిసిల్ కావచ్చు. కోట్రైమాక్సజోల్ సల్ఫా మందు. పెన్సిలిన్ అలర్జీతో దానికి సంబంధం లేకపోయినా, సల్ఫా పడనివారు, జి6పీడీ లోపం (కొన్ని మందులకు ఎర్ర రక్తకణాలు చితికిపోయే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవారు ముందే చెప్పాలి. నైట్రోఫ్యూరంటాయిన్ విషయంలోనూ జి6పీడీ లోపం, మూత్రపిండాల బలహీనత, నెలలు నిండిన గర్భం గురించి చెప్పాలి.

అలర్జీ ముద్రను తొలగించుకోవడం

అత్యవసరం లేని రోజుల్లో చేయించుకోవలసిన పని ఇది. తక్కువ ముప్పు ఉన్నవారికి, అంటే పెన్-ఫాస్ట్ లెక్కలో 3 కంటే తక్కువ వచ్చినవారికి, చర్మపరీక్ష లేకుండా నేరుగా ఒక అమాక్సిసిలిన్ మోతాదు నోటి ద్వారా ఇచ్చి గంట నుంచి రెండు గంటల వరకు గమనిస్తారు. ఈ పద్ధతి చర్మపరీక్షతో మొదలుపెట్టే పద్ధతికి తీసిపోదని 2023లో వెలువడిన పలేస్ అనే పరిశోధన చూపింది. అనాఫిలాక్సిస్ చరిత్ర ఉన్నవారికి ముందు చర్మపరీక్ష చేసి, అందులో ఏమీ రాకపోతేనే నోటి మోతాదుకు వెళతారు. చర్మపరీక్షకు కొన్ని రోజుల ముందు నుంచి సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్రలు ఆపవలసి ఉంటుంది. ఆస్తమా అదుపులో లేనప్పుడు, జ్వరంతో ఉన్నప్పుడు ఈ పరీక్షకు వెళ్లకూడదు.

ఇంటి దగ్గర సగం మాత్ర వేసుకుని చూద్దామనే ప్రయోగం ఎవరూ చేయకూడదు. అడ్రినలిన్, ఆక్సిజన్, వాటిని వాడగల మనిషి పక్కనే ఉన్నచోట మాత్రమే ఇది జరగాలి. మన రాష్ట్రాల్లో వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో, పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో అలర్జీ లేదా చర్మవ్యాధి నిపుణులను అడిగి ఈ సౌకర్యం ఉందో లేదో తెలుసుకోవచ్చు. అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇది మరింత సులభం. చిన్నప్పుడు ఊళ్లో పడిన ముద్రను అక్కడి రికార్డుల్లోకి యథాతథంగా ఎక్కించుకున్నవారు, కుటుంబ వైద్యుని అడిగితే అలర్జీ క్లినిక్‌కు పంపుతారు. పరీక్షలో అలర్జీ లేదని తేలిన తరువాత ఆ మాటను రాతపూర్వకంగా తీసుకుని, పాత ఫైలులో, దంతవైద్యుని దగ్గర, భార్యాభర్తల ఫోన్లలో కూడా మార్పించాలి. పరీక్ష చేయించుకుని కూడా పాత ముద్రతోనే తిరిగేవారు తక్కువేమీ కాదు.

ప్రతిచర్య వచ్చిన క్షణంలో

ఏ యాంటీబయాటిక్ వేసుకున్నా, నిమిషాల్లో ఒంటి నిండా దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బిగింపు, వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి. ఊపిరాడక కూర్చుంటానంటే కూర్చోనివ్వవచ్చు గాని, లేపి నడిపించకూడదు. ప్రాణం నిలిపే మందు అడ్రినలిన్, పెద్దవారికి 0.5 మి.గ్రా. తొడ బయటి వైపు కండలోకి ఇస్తారు. ఏవిల్, డెక్సామెథసోన్ సూదులు ఎంత అలవాటైనవైనా దానికి బదులు కావు. క్లినిక్‌లో సూది వేయించుకుంటున్నప్పుడు అడ్రినలిన్ ఉందా అని ముందే అడగడంలో తప్పులేదు. పెనిడ్యూర్ అయితే సూది తరువాత అరగంట అక్కడే కూర్చోవాలి.

చివరిగా, జేబులో ఉండవలసిన చీటీ

మందు రసాయన నామం, జరిగిన సంవత్సరం, ఎంతసేపటికి ఏం జరిగింది, ఏ వైద్యం చేశారు, ఆ తరువాత నిరపాయంగా వాడిన యాంటీబయాటిక్‌లు ఏవి అనే వివరాలతో ఒక చిన్న కార్డు రాసి పర్సులో పెట్టుకోవాలి. ఫోటో తీసి ఇంట్లోవారి ఫోన్లలో ఉంచాలి. ‘అమాక్సిసిలిన్ మాత్ర, 2009, రెండో మాత్ర వేసుకున్న ఇరవై నిమిషాలకు ఒళ్లంతా దద్దుర్లు, పెదవి వాపు, ఆసుపత్రిలో సూదితో తగ్గింది, తరువాత సెఫిక్సిమ్ వాడాను, ఏమీ కాలేదు’ అన్న ఒక్క వాక్యం డాక్టరుకు కావలసినదంతా చెబుతుంది. చివరి ముక్క చాలామంది రాయరు. వేరే డాక్టరు భయం లేకుండా మందు ఎంచుకోవడానికి ఎక్కువగా పనికొచ్చేది అదే.

షాపులో చీటీ లేకుండా మందు కొనే అలవాటు ఉన్నవారికి ఈ కార్డు ఏమాత్రం ఉపయోగపడదు. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్రగీత ఉన్న మందును చీటీ లేకుండా అమ్మకూడదు. దాని వెనుక మందు పేర్లు చదవకుండా మింగితే, పెన్సిలిన్ ఏ బ్రాండు రూపంలో ఒంట్లోకి వెళ్లిందో ప్రతిచర్య వచ్చాక గాని తెలియదు. అటువంటి ప్రతిచర్య ఏ మందుతో వచ్చినా, స్ట్రిప్పును పారేయకుండా డాక్టరుకు చూపి, భారత ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024కు తెలియజేయవచ్చు. రోగి స్వయంగా చెప్పినా నమోదు చేసుకుంటారు.